మిట్ట మీది తంగేడు: ఒక పాత అయివారి అనుభవ పాఠాలు

మంచుకొండల దాపున, తడి ఆరని పచ్చికబయళ్లలో ఏటేటా పూసే పసుపుపచ్చ పూల బొమ్మలు పుస్తకంలో చూపించి పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి నేను. మా కడప జిల్లాలో అలాంటి బయలూ లేదు, అంత తడీ లేదు. జిల్లా మొత్తం మీద ఏడాదికి సగటున పడేది సుమారు 700 మిల్లీమీటర్ల వాన. జమ్మలమడుగు, పులివెందుల వైపు అంత కూడా పడదు. ఆ కాస్త వానతోనే ఏళ్ల తరబడి బతికి, ఎవరూ నీళ్లు పోయకపోయినా విరగబూసే పసుపుపచ్చ పువ్వు మాకు తంగేడు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల హైస్కూళ్లలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా ఊర్లో ఇప్పటికీ నన్ను అయివారనే పిలుస్తారు. తంగేడు గురించి చెప్పమంటే నేను చెప్పేవి ఇవి. నంబర్లు వేశాను గానీ ముందుది గొప్పదనీ వెనకది తక్కువదనీ కాదు, గుర్తొచ్చిన వరుసలో రాశాను.

1. తంగేడు ఎక్కడుందో చూస్తే నేల సంగతి సగం తెలుస్తుంది.

ప్రొద్దుటూరు చుట్టూ కె.సి. (కర్నూలు-కడప) కాలవ పారకం. వరి, పసుపు పండే కయ్యల మధ్య తంగేడుకు చోటు లేదు. అక్కడ అది రోడ్డు అంచుకూ, వల్లకాటికీ, పెన్నేటి ఒడ్డు మిట్టలకూ సర్దుకుంది. జమ్మలమడుగు దాటితే నల్లరేగడి. శనగ, పత్తి, జొన్న వేసే చేలల్లో మడక సాగినంత మేరా తంగేడు కనబడదు. మడక సాగని నాపరాతి బండల దగ్గర, గండికోట గుట్టల వాలులో గుంపులుగా ఉంటుంది. పులివెందుల వైపు ఎర్ర గరుసు నేల. చీనీ తోటకు డ్రిప్పు పైపు వేసిన గట్టు లోపల పచ్చగా ఉంటే, గట్టు బయట తంగేడు ఉంటుంది. ఆ రెంటి మధ్యా ఉన్న తేడా బోరు నీళ్లే.

కొత్తగా చేను కొనేవాళ్లు నన్ను వెంట రమ్మంటే ముందు గట్ల మీది చెట్లు చూస్తాను. తంగేడు ఒత్తుగా ఉంటే అక్కడ నీళ్లు నిలవవు, మన్ను లోతు తక్కువ అని లెక్క. ఆ తర్వాతే రైతును అడుగుతాను. రైతు అమ్మేవాడు గదా, తంగేడుకు అమ్ముకునే పని లేదు.

2. మేకలు తిననిదే మిగులుతుంది.

ముద్దనూరు రోడ్డులో గుట్ట ఎక్కేచోట ఒక మేకల పెద్దాయనతో మాట కలిసింది. మేకలు రేగు కంపను, తుమ్మను, అందిన ప్రతి చిగురునూ కొరుక్కుంటూ పోతున్నాయి. తంగేడు పొద దగ్గర మాత్రం మూతి పెట్టి, వాసన చూసి, పక్కకు తిరిగిపోయాయి. "ఆకలైనా దాన్ని ముట్టవు అయివారూ. అందుకే గదా అది ఇంకా ఈడుండాది" అన్నాడు.

పుస్తకాలన్నీ కలిపి చెప్పినా అంతకన్నా బాగా చెప్పలేవు. పశువులు నోరు పెట్టే మొక్క మా గుట్టల మీద బతికి బట్టకట్టాలంటే ముళ్లయినా ఉండాలి, చేదయినా ఉండాలి. తంగేడు ముళ్లు పెట్టుకోలేదు. ఆకులోనూ చెక్కలోనూ వగరు పెట్టుకుంది. ఆ వగరుతోనే మా పల్లెల్లో ఒక వృత్తి నడిచింది, ఆ సంగతి నాలుగోదాంట్లో చెబుతాను.

అయితే గొంగళిపురుగులకు ఆ వగరు అడ్డం కాదు. తెలుపు, లేత పసుపు రంగుల్లో రోడ్డుకు అడ్డంగా ఎగిరిపోయే సీతాకోకచిలుకలు తంగేడు ఆకు మీదే గుడ్లు పెడతాయి. పురుగు అచ్చం ఆకు రంగులోనే ఉంటుంది. ఆకు అంచు కోసుకుపోయిన కొమ్మను పట్టుకుని నిదానంగా వెతికితే తప్ప దొరకదు.

3. పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి.

దూరం నుంచి చూసి పసుపు రంగు అనుకుని వెళ్లిపోతే ఏమీ చూడనట్టే. ఒక పువ్వు తెంపి అరచేతిలో పెట్టుకోండి. ఐదు రేకులు, అంచులు కాస్త ముడతలు పడి ఉంటాయి. రేకుల్లో సన్నని ఈనెలు నారింజ రంగులోకి తిరుగుతుంటాయి. కేసరాలు పది. పైన ఉన్న మూడూ గొడ్డువి, వాటిలో పుప్పొడి ఉండదు. కింద ఉన్నవి పొడుగ్గా, కొడవలి మాదిరి వంగి ఉంటాయి. వాటి పుప్పొడి సంచుల కొన దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది, పుప్పొడి బయటికి రావాలంటే దారి అదొక్కటే.

ఇప్పుడు పొద దగ్గర కదలకుండా నిలబడండి. తేనెటీగ వస్తుంది, అటూ ఇటూ తడుముతుంది, పెద్దగా ఏమీ దొరక్క పోతుంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు. తర్వాత నల్ల తుమ్మెద వస్తుంది. కేసరాలను కాళ్లతో కరుచుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా అదిరిస్తుంది. ఎగిరేటప్పటి ఝుంకారం ఒక రకం, ఆ అదురుకు వచ్చే చప్పుడు వేరే రకం, ఇంకాస్త సన్నంగా ఉంటుంది. ఆ అదురుకు రంధ్రంలోంచి పుప్పొడి దాని పొట్ట మీద చిమ్ముతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. అందుకే తుమ్మెదలు గూడు పెట్టుకునే ఎండు కొయ్య, పాత దూలం ఊర్లో లేకుండా చేసుకుంటే ఆ చుట్టుపక్కల తంగేడుకు కాయ తగ్గుతుందని నా అనుమానం. అనుమానమే, లెక్క వేసి చూసింది కాదు.

తేనె అసలు లేదా అంటే ఉంది, పువ్వులో గాదు. ఆకు ఈనె మీద చిన్న ఆకుల జత జతకూ మధ్య చిన్న పుల్ల మాదిరి నిలబడి ఉండే గ్రంథి ఉంటుంది. చీమలు దాని దగ్గరకే వస్తాయి. కాడ మొదట్లో చెవి ఆకారంలో రెండు పెద్ద ఆకు తునకలుంటాయి, అవి చూస్తే ఇది తంగేడేనని చీకట్లో తడిమి కూడా చెప్పొచ్చు. 1753లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆ చెవులను బట్టే పెట్టాడు. కాసియా అని ఆయన చేర్చిన గుంపులోంచి తీసి సెన్నా గుంపులో కలిపింది మన కోరమండల తీరంలో ఏళ్ల తరబడి మొక్కలు చూసిన రాక్స్‌బర్గ్.

4. చెక్క కథ తెలియకపోతే తంగేడు సగమే తెలిసినట్టు.

నా చిన్నప్పుడు మా ఊరి చివర లంద ఉండేది. తోళ్లు పదును పెట్టే తొట్టి. ముందు తోలును సున్నపు నీళ్లలో నానబెడతారు. వెంట్రుక వదులయ్యాక కత్తితో గీకేస్తారు. తర్వాత దంచిన తంగేడు చెక్కను నీళ్లలో వేసి, ఆ కషాయంలో తోలును రోజుల తరబడి ఉంచుతారు, తిప్పుతారు, చెక్క పాతబడితే కొత్తది వేస్తారు. చెక్కలో నూటికి పదిహేను నుంచి ఇరవై పాళ్ల దాకా వగరు పదార్థం ఉంటుంది. అదే తోలును కుళ్లకుండా పట్టి ఉంచేది. తోలు లేత పసుపు రంగులో, మెత్తగా వస్తుంది. కాకపోతే ఎండ తగిలితే ఎర్రబారుతుంది. అలా కాకుండా చివర్లో కరక్కాయ నీళ్లలో ముంచేవాళ్లు. ఈ కిటుకు ఏ కాలేజీలోనూ పుట్టింది కాదు, మాదిగవాడల్లో తరతరాలుగా చేతిలో ఉన్నది.

ఆ తోలే మా సేద్యాన్ని నడిపింది. కరెంటు మోటార్లు రాకముందు కపిల బావుల్లో నీళ్లు తోడిన తోలు తొండం, ఎద్దుల పలుపులు, కిర్రుచెప్పులు అన్నీ అందులోంచి వచ్చినవే. వాటిని చేసినవాళ్లను ఊరి బయటే ఉంచి, వాళ్లు చేసిన తొండంతో తోడిన నీళ్లు మాత్రం మడికి పారించుకున్నాం. తంగేడు గురించి పాఠం చెప్పేటప్పుడు ఈ ముక్క వదిలేస్తే అది పాఠం కాదు.

ఊరి లందలోనే ఆగలేదు ఇది. మద్రాసు రాజధానిలో తోళ్ల వ్యాపారం అంతా ఒకప్పుడు ఈ చెక్క మీద నిలబడింది. తంగేడుతో పదును పెట్టిన తోళ్లు ఓడల్లో ఇంగ్లండుకు పోయేవి. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల బూట్ల కోసం ఆ తోళ్లను ప్రభుత్వమే కొనేసింది. అంతకు ముందే, 1903 ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే దొర మద్రాసులో క్రోమ్ రసాయనంతో తోలు పదును పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన మనసులో ఉన్న సరుకుల్లో ఒకటి కపిల తొండమే, నీళ్లలో నానినా ఎక్కువ కాలం రావాలని. ఆ తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతి అయింది. 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ వచ్చేనాటికి తంగేడు చెక్క వైభవం తగ్గుముఖం పట్టింది.

గుట్టల మీద చెక్క కొట్టి మోపులు కట్టి అమ్మిన ఆడవాళ్లను నేను చూశాను. కొమ్మను మొదటి దగ్గర కోసి, పచ్చిగా ఉండగానే రాతి మీద కొట్టి, చెక్క ఊడదీసేవాళ్లు. వేరు జోలికి పోయేవాళ్లు కాదు. వానలు పడితే ఆ మొద్దులోంచే మళ్లీ నాలుగైదు కొమ్మలు లేచేవి. ఇప్పుడు జేసీబీతో పొద మొత్తం పెళ్లగించి పారేసేవాళ్లకు ఆ ఆడవాళ్ల దగ్గర ట్రెయినింగు ఇప్పించాల్సింది.

5. ఆకును కయ్యలో తొక్కండి.

కె.సి. కాలవను 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ పడవలు నడుపుదామని కూడా తవ్వింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై మా దాకా వస్తుంది. కంపెనీకి లాభం రాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. పడవల సంగతి ఎవరికీ గుర్తులేదు గానీ నీళ్లు మాత్రం మిగిలాయి. ఆ ఆయకట్టు రైతులు నాట్లకు ముందు గుట్టల నుంచి బండ్ల మీద తంగేడు కొమ్మలు తెచ్చి కయ్యలో పరిచి తొక్కించేవాళ్లు. కానుగ, జిల్లేడు, వెంపలి కూడా వేసేవాళ్లు. చౌడు పట్టిన కయ్యకు మాత్రం తంగేడే కావాలని పట్టుబట్టేవాళ్లు. చౌడు నేలను దారికి తేవడానికి దీని ఆకు పనికొస్తుందని వ్యవసాయ పుస్తకాల్లోనూ ఉంది. యూరియా బస్తా ఇంటి గుమ్మం దాకా వచ్చాక బండి కట్టుకుని గుట్టకు పోయే ఓపిక ఎవరికుంటుంది?

6. చిక్కుడు కుటుంబమైనంత మాత్రాన వేరు బొడిపెలుండవు.

పప్పుజాతి మొక్కలన్నీ గాలిలోని నత్రజనిని వేళ్లలో దాచుకుంటాయని తరగతిలో పిల్లలు గడగడా అప్పజెబుతారు. శెనక్కాయ చెట్టు పీకించి బొడిపెలు చూపించేవాణ్ణి. తర్వాత గట్టు మీది లేత తంగేడు మొక్క పీకించి బొడిపెలు వెతకమనేవాణ్ణి. ఎంత వెతికినా దొరకవు. సెన్నా గుంపు మొక్కలు ఆ పని చేయవు. తంగేడు ఆకు మడికి బలం ఇస్తుందంటే అది గాలిలోంచి పట్టింది కాదు, గరుసు నేలలోంచి లోతుగా వేరు దించి లాక్కొచ్చింది. పుస్తకంలోని మాటను పీకి చూడాలని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి మొక్క నాకు దొరకలేదు.

7. షుగరు మాత్ర మానేసి తంగేడు పువ్వు తాగొద్దు.

ప్రొద్దుటూరు బైపాసులో తెల్లవారి నడిచేవాళ్ల చేతుల్లో ఈమధ్య ప్లాస్టిక్ కవర్లు కనిపిస్తున్నాయి. దార్లో దొరికిన తంగేడు మొగ్గలన్నీ అందులోకి పోతాయి. ఎండబెట్టి, కాచి, పరగడుపున తాగుతారు. వెనకటివాళ్లు కూడా పువ్వును వాడారు, కాదనను. మా ఇంట్లో ఎండిన పువ్వును శీకాయతో కలిపి దంచి తలకు రుద్దేవాళ్లు. ఎండలో కలుపు తీసేవాళ్లు తలగుడ్డ కింద ఆకు పెట్టుకునేవాళ్లు, నడినెత్తి చల్లగా ఉంటుందని. తంగేడు పుల్లతో పళ్లు తోముకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

షుగరు సంగతి వేరు. అన్నామలై విశ్వవిద్యాలయంలో పువ్వు రసాన్ని షుగరు తెప్పించిన ఎలుకలకు పట్టించి చూశారు. చక్కెర తగ్గిందని 2002లో అచ్చు వేశారు. మంచిదే. అయితే ఎలుక డాక్టరు రాసిన మాత్ర వేసుకుని ఆ పైన కషాయం తాగలేదు. మనం తాగుతాం. రెండూ కలిసి చక్కెరను బాగా దించేస్తే బజారులో కళ్లు తిరిగి పడేది మనమే. తాగాలనుకుంటే డాక్టరుకు చెప్పి తాగండి, చెప్పడానికి మొహమాటమైతే తాగకండి.

ఇంకొకటి, విరేచనానికి వాడే నేలతంగేడు వేరే మొక్క. సునాముఖి అంటారు, ఎక్కువగా తిరునల్వేలి వైపు పండిస్తారు. పచారీ కొట్టులో పేరు సగం చెప్పి పొట్లం తెచ్చుకున్నవాళ్ల అవస్థ నేను రాయను.

8. పసుపు పువ్వులన్నీ తంగేడు కాదు, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇళ్ల దగ్గర.

ఈ పాఠం కాస్త గట్టిగానే చెబుతాను. వానలు పడగానే దిబ్బల మీద, పాత గోడల పక్కన కసింద లేస్తుంది. పువ్వు తంగేడు చెల్లెలిలా ఉంటుంది. దగ్గరికి పోతే తేడా తెలుస్తుంది. తంగేడుకు ఈనెకు అటూ ఇటూ ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న ఆకులు, కొన గుండ్రం. కసిందకు నాలుగైదు జతలే, పెద్దవి, కొన సూది. నలిపితే ముక్కు మూసుకోవాల్సిందే. తంగేడు కాయ పల్చగా, కాగితంలా, గింజలున్న చోట మాత్రం ఉబ్బి ఉంటుంది. కసింద కాయ సన్నగా, గట్టిగా, కొద్దిగా వంకర తిరిగి ఉంటుంది. మూడు జతల ఆకులే ఉండి కాయ పొడుగ్గా దారంలా వేలాడితే అది తగిరిస.

పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలం మొదట్లో చిన్నపిల్లలు ఉన్నట్టుండి స్పృహ తప్పి చనిపోతుంటే మెదడువాపు అనుకున్నారు. ఆడుకుంటూ కసింద గింజలు తిన్నందువల్ల కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతిన్నాయని అక్కడి వైద్యులు తేల్చి 2007లో వైద్య పత్రికలో రాశారు. మన పిల్లలూ కాయలు ఒలిచి గింజలతో ఆడుకుంటారు. అంగన్‌వాడీ చుట్టూ, బడి గోడ వెంట కసింద కనిపిస్తే కాయ కట్టకముందే పీకేయండి. తంగేడును మాత్రం దాని తప్పు లేకుండా పీకొద్దు.

9. తంగేడు చోటు ఆక్రమించింది ఎవరో తెలుసుకోండి.

సర్కారు తుమ్మ. ముళ్లకంప అనండి, ఏదైనా అనండి. ఇది మన దేశంలోకి మొట్టమొదట దిగిన చోట్లలో మన జిల్లా ఒకటి. 1870ల ఆఖర్లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ దొర వంటచెరకు కొరతకు మందుగా జమైకా నుంచి విత్తనాలు తెప్పిస్తే, కమలాపురం దగ్గర నాటారు. బెడ్డోమ్ సామాన్యుడు కాదు, దక్షిణ భారత చెట్ల మీద పెద్ద గ్రంథాలు వేసినవాడు. మంచికే తెప్పించాడు. వంటచెరకూ వచ్చింది, కరువు రోజుల్లో బొగ్గు కాల్చుకుని బతికినవాళ్లూ ఉన్నారు. కానీ అది కుంట, వంక, పోరంబోకు దేన్నీ వదల్లేదు. మేకలు దాని కాయలు ఇష్టంగా తిని ఊరూరా పెంటికల్లో విత్తి వచ్చాయి. రెండో పాఠంలో మేక మాట చెప్పాను గదా, మేక తినని తంగేడుకు ఆ వాహనం లేదు.

ఇప్పుడు మైలవరం వైపు మిట్టలు చదును చేసి సోలారు పలకలు పరుస్తున్నారు. కరెంటు కావాలి, కాదనలేం. పలకల వరుసల నడుమ నేల ఖాళీగానే ఉంటుంది. నడుము ఎత్తు దాటకుండా కొమ్మ కోస్తూ అక్కడ తంగేడును ఉండనిస్తే మన్ను కొట్టుకుపోదు, దుమ్మూ తగ్గుతుంది. ఎవరైనా వింటారేమోనని రాస్తున్నాను.

10. రాష్ట్ర పుష్పం హోదా మనకు అవసరం లేదు.

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. వాళ్లకు బతుకమ్మ ఉంది, ఇది పెట్టందే పేర్చరు, సబబే. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో మల్లెను ఎంచుకుంది. మా వైపు బతుకమ్మ లేదు. ప్రొద్దుటూరు దసరాలో అమ్మవారికి వచ్చే దండల్లో తంగేడు కనిపించదు. మహా అయితే సంక్రాంతికి గుమ్మడి పువ్వు దొరకని ఇంట్లో గొబ్బెమ్మ నెత్తిన గుచ్చేవాళ్లు. ఈ సంగతికి చిన్నబుచ్చుకునే కుర్రవాళ్లు కొందరు కనబడుతుంటారు. పూజకు రాలేదు గనకనే కోసుకుపోలేదురా నాయనా అంటాను.

11. నాటాలనిపిస్తే ఇలా చేయండి.

నర్సరీలో కొనొద్దు. ఎండాకాలంలో గట్ల మీద ఎండిన కాయలు గలగలమంటుంటాయి, ఆ గింజలు తీసుకోండి. కొన్నింటికి పురుగు తొలిచిన కంత ఉంటుంది, అవి ఏరి పారేయండి. గింజ పెంకు మహా గట్టిది, అలాగే వేస్తే ఏడాది తర్వాత మొలిచినా మొలుస్తుంది. మరిగించి దించిన నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. ఉబ్బినవి తీసి, మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు, ఎక్కడ చెట్టు కావాలో అక్కడే వేలెడు లోతుకు మించకుండా వేయండి. కవరులో పెంచి తర్వాత నాటితే తల్లివేరు తెగి ఏడుస్తుంది. పేడ, యూరియా ఏమీ వద్దు. మొదటి ఎండాకాలం ఆకు రాల్చి పుల్లలా నిలబడితే చచ్చిందని పీకకండి, గోటితో చెక్క గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే వదిలేయండి.

చేను గట్టు, ఇంటి ప్రహరీ బయట, బడి వెనక గరుసు నేల, చెరువు కట్ట బయటి వాలు, ఇవి దానికి సరిపోయే చోట్లు. కుండీలో పెట్టి మేడ మీద పెంచుతామని అడిగేవాళ్లకు నేను మందార పెట్టుకోమని చెబుతాను.